గడియారం ఎవరి చేతిలో ఉన్నది?

మనలో చాలామందిమి ఉపాధ్యాయులం. ఏదో ఒక రోజున, ఏదో ఒక క్లాసులో, ఒక కుర్రవాణ్ణి లేపి నిలబెట్టి, "నీకు తెలివి లేక కాదురా, కుదురు లేక" అని ఉంటాం. నేనూ అన్నాను. ఆ కుర్రవాడు పాఠం మధ్యలో కిటికీలోంచి బయటికి చూస్తాడు. అడిగిన ప్రశ్నకు అందరికంటే ముందు జవాబు చెబుతాడు. రాసిన జవాబు కాగితం మాత్రం ఇంటి దగ్గర మరిచి వస్తాడు. పరీక్షలో మూడు ప్రశ్నలకు బ్రహ్మాండంగా రాసి, నాలుగో ప్రశ్నకు వచ్చేసరికి గంట కొట్టేస్తారు. ఇటువంటివాణ్ణి గురించి మనం వాడే మాటలన్నీ తిట్లే: కుదురులేనివాడు, పరధ్యానం మనిషి, నిలకడ లేనివాడు, బద్ధకస్తుడు. వీటిలో ఒక్కటి కూడా అతని ఇబ్బందికి పేరు కాదు. మన విసుగుకు పేరు.

ఆ ఇబ్బందికి వైద్యులు పెట్టిన పేరు ఏ.డి.హెచ్.డి. అవధానం నిలవకపోవటం, ఒకచోట కుదురుగా ఉండలేకపోవటం, ఆలోచన పూర్తికాకముందే మాటో చేతో జారిపోవటం - ఇవి రకరకాల పాళ్లలో కలిసిన రుగ్మత అది. ప్రపంచం మొత్తం మీద పిల్లల్లో నూటికి సుమారు 5 మందికి ఉంటుందని అంచనా. పెద్దవాళ్లయితే అదే పోతుందని ఒకప్పుడు అనుకునేవారు. చాలామందిలో పోదు. బాలికల్లో ఇది మరీ మరుగున పడిపోతుంది. ఆ పిల్ల గంతులు వెయ్యదు, ఊరికే ఊహల్లోకి వెళ్లిపోతుంది గనక, ఎవరి కంటా పడదు. ఇటీవల ఇలాంటివాళ్లు తమ ఫోన్లలో కొన్ని యాప్‌లు పెట్టుకుని పని సాగించుకుంటున్నారు. నియమిత సమయానికి గంట కొట్టే యాప్, పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టే యాప్, తక్కిన యాప్‌లకు తాళం వేసే యాప్ - ఇలా ఎన్నో ఉన్నాయి.

వీటిని గురించి రెండు వాదాలు వినబడుతున్నాయి. సాంకేతిక ప్రగతి సర్వరోగ నివారిణి అని నమ్మేవారి వాదం మొదటిది: యాప్ వచ్చింది గనక సమస్య తీరిపోయినట్టే. రెండోది మన శిబిరంలోనే పుట్టిన వాదం. ఈ రుగ్మతను పెట్టుబడిదారీ విధానమే కల్పించిందనీ, మందుల కంపెనీలు దాన్ని అమ్ముకుంటున్నాయనీ, యాప్ అనేది శ్రామికుడు తన వీపు మీద తానే ఝళిపించుకునే కొరడా అనీ ఈ వాదులు అంటారు. మొదటి వాదాన్ని ఖండించటం మనకు తేలిక. రెండోది మన చెవికి ఇంపుగా ఉంటుంది. అంచేత దాన్నే ఎక్కువ జాగ్రత్తగా పరీక్షించాలి. ఈ రెండు వాదాల్లోనూ లోపించినది చరిత్ర.

రుగ్మత చరిత్రతో మొదలుపెడదాం. 1775లో జర్మన్ వైద్యుడు మెల్కియోర్ ఆడమ్ వైకార్డ్ అవధాన లోపాన్ని ఒక ప్రత్యేక విషయంగా తీసుకుని రాశాడు. 1798లో స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ మానసిక రుగ్మతలపై తన గ్రంథంలో అవధానానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. కొందరికి ఏ ఒక్క విషయం మీదా ధ్యాస నిలవదనీ, ఈ గుణం పుట్టుకతో కూడా రావచ్చుననీ ఆయన గమనించాడు. ఇంగ్లండులో పిల్లలందరూ బడికి వెళ్లి తీరాలన్న చట్టం వచ్చింది 1880లో. అంటే నిర్బంధ విద్యకు 82 ఏళ్ల ముందే, అక్కడి వైద్యులు ఈ మనిషిని చూశారు. బడి అతన్ని పుట్టించలేదు.

కాని బడి అతన్ని నేరస్థుణ్ణి చేసింది. 1902లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు మూడు ఉపన్యాసాలు ఇచ్చాడు. తెలివితేటలకు లోటు లేకపోయినా తమను తాము అదుపులో పెట్టుకోలేని పిల్లల్ని ఆయన ఎంతో శ్రద్ధగా వర్ణించాడు. ఆ వర్ణనలో నేటి వైద్యులు గుర్తుపట్టే లక్షణాలు చాలా ఉన్నాయి. కాని ఆయన దానికి పెట్టిన పేరు "నైతిక నియంత్రణలోని లోపం". విక్టోరియా రాణి పోయిన మరుసటి ఏడు అది. ఆనాటి మధ్యతరగతి కోరినది నీతి గనక, లోపం కూడా నీతిలోనే కనిపించింది.

తరువాత ఈ రుగ్మత పేర్లు మారిన తీరు చూడండి. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు తన ఆసుపత్రిలోని 30 మంది పిల్లలకు బెంజిడ్రిన్ ఇచ్చి చూశాడు. ఉత్తేజం కలిగించే మందు అది. అయినా వాళ్లలో 14 మంది చదువులో ఆశ్చర్యకరంగా కుదుటపడ్డారు. 1944లో స్విట్జర్లండ్‌లోని సీబా కంపెనీలో మిథైల్‌ఫెనిడేట్ తయారయింది. 1968లో అమెరికన్ మనోవైద్యుల పట్టికలో ఈ రుగ్మత "బాల్యంలో అతిచలన ప్రతిక్రియ" అనే పేరుతో చేరింది. అంటే అప్పటికి బెంచీ మీద కదలకుండా కూర్చోలేకపోవటమే ముఖ్య లక్షణం. 1972లో కెనడాకు చెందిన వర్జీనియా డగ్లస్, అసలు చిక్కు కదలికలో కాదు, అవధానాన్ని నిలుపుకోవటంలోనూ తొందరను ఆపుకోవటంలోనూ ఉన్నదని వాదించింది. 1980లో పేరు "అవధాన లోపం"గా మారింది. నేడు వాడే ఏ.డి.హెచ్.డి. అన్న పేరు 1987 నాటిది. మనిషి మారలేదు. సమాజం అతన్నుంచి కోరినది మారింది: మొదట నీతి, తర్వాత నిశ్చలత, తర్వాత అవధానం.

ఇక్కడ మన మిత్రులు, "చూశారా, పేరు మారిందంటే జబ్బు కల్పితమేగా!" అంటారు. వారి అనుమానానికి ఆధారం లేకపోలేదు. 1970లో అమెరికాలోని ఒమాహా నగరంలో బడిపిల్లల్లో 5 నుంచి 10 శాతం మందికి ఈ మందులు ఇస్తున్నారని ఒక పత్రిక రాసింది. ఆ అంకె అతిశయోక్తి అని తరువాత తేలింది. అయినా ఆందోళన ఎంతగా పెరిగిందంటే అదే ఏడు సెప్టెంబరులో అమెరికన్ కాంగ్రెసు ఉపసంఘం విచారణ జరిపింది. 1975లో పీటర్ ష్రాగ్, డయాన్ డివోకీ కలిసి ఈ రుగ్మతను మిథ్య అని ఖండిస్తూ పుస్తకమే రాశారు. బీద పిల్లల అల్లరికి మందు బిళ్ల ఇచ్చి బడి సంగతి మరిచిపోతారన్న వారి భయం న్యాయమైనదే. కాని సైన్సు అక్కడే ఆగిపోలేదు. కవలల పరిశీలనల్లో ఈ లక్షణంలోని తేడాలకు వంశపారంపర్యం వాటా ఇంచుమించు 74 శాతం అని తేలింది. 2023లో రోగ నిర్ధారణ అయిన 38 వేల మందికి పైగా జన్యువులను పరిశీలించి, రుగ్మతతో సంబంధమున్న 27 జన్యుస్థానాలను గుర్తించారు. భౌతికవాదులమని చెప్పుకునే మనం శరీరాన్ని లెక్కలోంచి తీసేస్తే ఇక మిగిలేది ఏ వాదం?

ఒక పోలిక చెబుతాను. అక్షరం పుట్టకముందు కూడా చూపు మందగించినవాళ్లు ఉన్నారు. అచ్చుయంత్రం వచ్చి, బడి వచ్చి, ఆఫీసు వచ్చాక ఆ మందగింపు పెద్ద వైకల్యమయింది. అంతమాత్రాన కంటి జబ్బును అచ్చుయంత్రం కల్పించిందని ఎవరూ అనరు. కళ్లజోడు పెట్టుకున్నవాణ్ణి దోపిడీకి లొంగిపోయాడని ఎవరూ నిందించరు. ఏ.డి.హెచ్.డి. విషయం ఇలాంటిదే. లోపం శరీరంలో ఉన్నది. అది ఎంత బాధిస్తుందన్నది సమాజం నిర్ణయిస్తున్నది.

ఆ బాధకు ముఖ్య కారణం గడియారం. వ్యవసాయపు పనిలో కాలాన్ని పనే కొలిచేది: నాట్లు అయ్యేదాకా, కుప్ప నూర్చేదాకా. కార్ఖానాలో కాలమే పనిని కొలవటం మొదలుపెట్టింది. 1967లో చరిత్రకారుడు ఇ.పి. తాంప్సన్ ఈ మార్పును గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. అందులో స్కాట్లండ్‌లోని డండీ మిల్లుల ప్రస్తావన వస్తుంది. 1850లో వెలువడిన ఒక పుస్తకం ప్రకారం అక్కడి యజమానులు మిల్లు గడియారాన్ని పొద్దున ముందుకు, సాయంత్రం వెనక్కు తిప్పేవారు. ఆ దొంగతనం తెలిసినా కార్మికులు నోరు మెదపటానికి జంకేవారు, సొంత గడియారం దగ్గర ఉంచుకోటానికి కూడా భయపడేవారు. కాలాన్ని కొలిచే సాధనం యజమాని దగ్గర ఉన్నది, కార్మికుడి దగ్గర లేదు. కిటుకంతా అక్కడే ఉన్నది.

మన దేశంలోనూ ఇదే తగాదా వచ్చింది. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. అది బొంబాయి స్థానిక కాలానికి 39 నిమిషాలు ముందు. ఆ నెలలోనే బొంబాయి బట్టల మిల్లుల కార్మికులు వేలాదిగా పనికి నిరాకరించి కిటికీల అద్దాలు పగలగొట్టారు. గడియారం ముళ్లు జరిపితే వాళ్ల నిద్రలోంచి 39 నిమిషాలు పోతాయి మరి. ఆ నగరంలో పాత కాలమానం 1955 దాకా బతికే ఉన్నది.

యజమాని గడియారం అంతటితో ఆగలేదు. 1888లో అమెరికాలో విల్లార్డ్ బండీ అనే నగల వ్యాపారి, కార్మికుడు వచ్చిపోయే వేళలను కాగితం మీద అచ్చువేసే యంత్రం కనిపెట్టాడు. ఆ వ్యాపారం 1911లో ఇతర కంపెనీలతో కలిసిపోయింది. అలా ఏర్పడిన కంపెనీయే 1924లో ఐ.బి.ఎం. అని పేరు మార్చుకున్నది. అదే ఐ.బి.ఎం. 1994లో 'సైమన్' అనే పరికరాన్ని మార్కెట్టుకు తెచ్చింది. స్మార్ట్‌ఫోన్లలో అది మొదటిది. అంటే హాజరు యంత్రానికీ మన జేబులోని ఫోనుకూ దూరపు చుట్టరికం ఉన్నది. ఇంకోవైపు ఫ్రెడరిక్ టేలర్ స్టాప్‌వాచీ పట్టుకుని కార్మికుడి ప్రతి కదలికనూ కొలిపించాడు. 1911 ఆగస్టులో అమెరికన్ సైన్యపు వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోతపనివాళ్లు ఆ గడియారాన్ని ధిక్కరించి సమ్మె చేశారు. దాని ఫలితంగా 1915లో కాంగ్రెసు, సైనిక కర్మాగారాల్లో స్టాప్‌వాచీతో పనిని కొలవటానికి ప్రభుత్వ ధనం ఖర్చుపెట్టరాదని శాసించింది.

మరి గడియారం పుట్టుకతోనే పీడకుడి పక్షమా? లెనిన్ అలా అనుకోలేదు. 1914లో ఆయన టేలర్ పద్ధతిని మనిషిని యంత్రానికి బానిసను చేసే విధానంగా ఖండించాడు. 1918లో, అధికారం శ్రామికుల చేతికి వచ్చాక, అందులోని శాస్త్రీయమైన భాగాన్ని నేర్చుకోవాలని రాశాడు. 1923లో మాస్కోలో ప్లటోన్ కెర్జెన్‌త్సెవ్ నాయకత్వాన "కాల సంఘం" ఏర్పడింది. దాని సభ్యులు తమ రోజు ఎలా గడిచిందో కార్డుల మీద తామే రాసుకునేవారు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. తమ కాలాన్ని తాము తెలుసుకోవాలన్న కోరికతో రాసుకున్నారు. ఆ సంఘం కొద్ది ఏళ్లే నిలిచింది. 1935లో స్తఖనోవ్ ఒక్క షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తీశాడు. ఆ రికార్డును ఆసరాగా చేసుకుని మరుసటి ఏడు తక్కిన కార్మికుల పని కొలతలు పెంచారు. ఈ సంగతి దాచిపెట్టి మనం చరిత్ర మాట్లాడరాదు. మనిషి తన కోసం తాను రాసుకున్న కార్డు వేరు. పైవాడు చదివి కొలత పెంచే కార్డు వేరు. కార్డులోని గీతలు రెండింటా ఒకటే.

ఈ తేడాను మనసులో ఉంచుకుని ఇప్పుడు యాప్ దగ్గరికి వద్దాం.

ఏ.డి.హెచ్.డి. ఉన్న మనిషికి కాలంతో ఉన్న చిక్కు ప్రత్యేకమైనది. 1997లో రసెల్ బార్క్‌లీ అనే మనస్తత్వవేత్త దీన్ని సిద్ధాంతీకరించాడు: ఈ రుగ్మతలో దెబ్బతినేది తక్షణ ప్రేరణను ఆపుకునే శక్తి, దానితోపాటు రాబోయే కాలాన్ని మనసులో పట్టుకుని దాని ప్రకారం నడుచుకునే శక్తి కూడా. ఏం చెయ్యాలో అతనికి తెలుసు. తెలిసినదాన్ని తగిన వేళకు చెయ్యలేడు. పదిహేను రోజుల తరువాత ఉన్న పరీక్ష అతనికి లేనట్టే లెక్క. రేపు అన్నప్పుడు హఠాత్తుగా కొండలా ఎదుట నిలుస్తుంది. అతనికి కాలం రెండే ముక్కలు: ఈ క్షణం, తక్కినదంతా. ఇలాంటివాడికి "కొంచెం మనసు పెట్టరా" అని చెప్పటం, కుంటివాడికి "కొంచెం సరిగ్గా నడవరా" అని చెప్పటం లాంటిది.

అతనికి కావలసినది లోపల లేని గడియారాన్ని బయట పెట్టుకోవటం. 1980ల చివర ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే విద్యార్థి చదువు మీద ధ్యాస నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమరును బల్ల మీద పెట్టుకున్నాడు. 25 నిమిషాల చదువు, 5 నిమిషాల విరామం. ఇటాలియన్ భాషలో టమాటాను పొమొదోరో అంటారు గనక ఆ పద్ధతికి ఆ పేరే వచ్చింది. అది రోగులకోసం కనిపెట్టినది కాదు. అయినా ఏ.డి.హెచ్.డి. ఉన్నవాళ్లు దాన్ని అందిపుచ్చుకున్నారు. డండీ మిల్లులో కార్మికుడు దగ్గర ఉంచుకోటానికి భయపడిన గడియారం ఇక్కడ విద్యార్థి బల్ల మీదికి, అతని ఇష్టానికి, వచ్చింది.

నేటి యాప్‌లు చేసేది ఆ టమాటా చేసిన పనికి పొడిగింపే. ఒక రకం యాప్ కాలాన్ని కంటికి చూపిస్తుంది: తెర మీద ఒక రంగు వలయం క్షణక్షణానికీ తరిగిపోతూ ఉంటుంది. రెండో రకం జ్ఞాపకానికి బదులు నిలుస్తుంది: చెప్పిన వేళకు, చెప్పిన చోట, చెప్పిన పని గుర్తుచేస్తుంది. మూడోది "ప్రాజెక్టు పూర్తి చెయ్యి" అన్న భయంకరమైన వాక్యాన్ని "పుస్తకం తెరువు, మొదటి పేజీ చదువు, ఒక వాక్యం రాయి" అన్న మెట్లుగా విడగొడుతుంది. నాలుగోది తాళం: 2008లో అమెరికాలో ఫ్రెడ్ స్టట్జ్‌మన్ తయారుచేసిన 'ఫ్రీడమ్' తనను పెట్టుకున్నవాడికే కొన్ని గంటలు ఇంటర్‌నెట్ అందకుండా చేసేది. 2014లో తైవాన్ నుంచి వచ్చిన 'ఫారెస్ట్'లో, మీరు ఫోను ముట్టుకోనంత సేపు తెర మీద ఒక చెట్టు పెరుగుతుంది. ముట్టుకుని వేరే యాప్‌లోకి వెళ్తే చచ్చిపోతుంది. అయిదోది తోడు: ఎక్కడో ఉన్న ఇద్దరు అపరిచితులు వీడియోలో ఎదురెదురుగా కూర్చుని, మాట్లాడుకోకుండా, ఎవరి పని వారు చేసుకుంటారు. పక్కన మనిషి ఉంటే పని సాగుతుందన్నది మనకు కొత్త సంగతి కాదు. అరుగు మీద నలుగురూ కూర్చుని విస్తళ్లు కుట్టటంలో ఉన్నది అదే.

వీటి హద్దులు కూడా చెప్పాలి. 2020 జూన్‌లో అమెరికన్ ఔషధ నియంత్రణ సంస్థ 'ఎండెవర్ ఆర్ఎక్స్' అనే వీడియో ఆటను 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు చికిత్సగా అనుమతించింది. డాక్టరు చీటీ మీద ఇచ్చే మొదటి ఆట అది. దానిపై జరిగిన ముఖ్య పరీక్షలో 348 మంది పిల్లలు పాల్గొన్నారు. రోజుకు 25 నిమిషాలు, వారానికి 5 రోజులు, 4 వారాలు ఆడిన పిల్లలు కంప్యూటరు మీద పెట్టిన అవధాన పరీక్షలో మెరుగయ్యారు. కాని తల్లిదండ్రులు గమనించిన లక్షణాల్లో మాత్రం, మరో మామూలు ఆట ఆడిన పిల్లలకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తెర మీద గెలుపు వేరు, ఇంట్లో హోంవర్కు వేరు. 2023లో ఆ కంపెనీ, బీమా సంస్థలు డబ్బు చెల్లించటం లేదని చెప్పి, డాక్టరు చీటీ మార్గం వదిలేసి నేరుగా జనానికి అమ్ముకోటానికి పూనుకున్నది; ఉద్యోగుల్లో ఇంచుమించు 40 శాతం మందిని తీసేసింది.

యాప్‌లకు ఇంకో బలహీనత ఉన్నది. ఈ రుగ్మత ఉన్నవాళ్లకు కొత్తదనం మీద మోజు ఎక్కువ, పాతబడినదాని మీద విసుగు ఎక్కువ. మొదటివారం యాప్‌ను దేవుడిలా కొలుస్తారు. నెల తిరిగేసరికి అది గంట కొడుతూనే ఉంటుంది, వీరికి వినిపించదు. అంచేత ఎవరికైనా యాప్ పనిచెయ్యటం మానేస్తే ఆ తప్పు వారిది కాదు. 2018లో 133 పరీక్షల ఫలితాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో పిల్లలకు మిథైల్‌ఫెనిడేట్, పెద్దలకు యాంఫిటమిన్ మందులు కొద్దికాలపు చికిత్సలో మెరుగని తేలింది. వైద్యం అవసరమైనచోట యాప్ వైద్యానికి బదులు కాదు. యాప్ చేతికర్ర. కర్ర కాలు కాదు, కాని కర్ర పట్టుకున్నవాణ్ణి చూసి నవ్వకూడదు.

ఇక్కడినుంచి మనం రెండో ప్రశ్నకు రావాలి: ఈ కర్రను అమ్ముతున్నదెవరు? మన తెలుగువాళ్లకు అవధానం అంటే ఒక కళ. తిరుపతి వేంకటకవులు సంస్థానాల్లో తిరిగి శతావధానాలు చేశారు. అష్టావధానంలో పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకడి పని అప్రస్తుత ప్రసంగం చెయ్యటం, అవధాని ధ్యాసను చెడగొట్టటం. అది ఆట. అవధాని ఒప్పుకున్న ఆట. పృచ్ఛకుడు ఒక్కడే, సభ ముగిస్తే అతనూ ఇంటికి పోతాడు. నేటి విద్యార్థి జేబులో ఇంటికి పోని అప్రస్తుత ప్రసంగులు వందలకొద్దీ ఉన్నారు. 2006లో ఆజా రాస్కిన్ అనే రూపకర్త, అడుగు అంటూ లేకుండా కిందికి జారుతూనే ఉండే పేజీని కనిపెట్టాడు. తరువాత దానికి తానే విచారించాడు. 2009లో ఆపిల్ కంపెనీ తన ఫోనులో యాప్‌లు తెరవకపోయినా వాటి కబురు వచ్చి తలుపు తట్టే సౌకర్యం పెట్టింది. సమాచారం సమృద్ధిగా ఉన్నచోట కరువయ్యేది అవధానమేనని హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించాడు. కరువైనదాన్ని సరుకు చెయ్యటం పెట్టుబడికి వెన్నతో పెట్టిన విద్య.

2018 జనవరిలో ఒక విచిత్రం జరిగింది. ఆపిల్ కంపెనీలో వాటాలున్న ఒక పెట్టుబడి సంస్థ, కాలిఫోర్నియా ఉపాధ్యాయుల పింఛను నిధి కలిసి ఆ కంపెనీకి బహిరంగ లేఖ రాశాయి: మీ ఫోన్లు పిల్లలకు చేసే చెరుపును పట్టించుకోండని. తమ క్లాసుల్లో పిల్లల ధ్యాస చెడుతుంటే చూసే ఉపాధ్యాయుల పింఛను, ఆ ఫోను లాభాల్లోంచి వస్తున్నదన్నమాట! అదే ఏడు సెప్టెంబరులో ఫోను వాడకాన్ని లెక్కకట్టే, హద్దు పెట్టే సౌకర్యం ఆపిల్ ఫోన్లలో వచ్చింది. తన దుకాణం ద్వారా అమ్ముడయ్యే యాప్‌ల చందాల్లో 15 నుంచి 30 శాతం దాకా కమీషను తీసుకోవటం ఆ కంపెనీ పద్ధతి. ధ్యాస చెదరగొట్టే ఆటకు కట్టిన చందాలోనూ వాటా, ఆ ఆటకు తాళం వేసే యాప్‌కు కట్టిన చందాలోనూ వాటా. బావిలో మట్టి పోసినవాడే నీళ్లు వడగట్టే గుడ్డ అమ్ముతున్నాడు.

అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉన్నది. కార్డు ఎవరు చదువుతున్నారన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. మీరు ఎన్నిసార్లు పని మానేశారో, ఏ గంటకు మందు వేసుకున్నారో, ఏ రాత్రి నిద్రపట్టలేదో యాప్‌కు తెలుసు. ఏ.డి.హెచ్.డి. సహా మానసిక రుగ్మతలకు ఫోను ద్వారా వైద్యం అందించిన 'సెరిబ్రల్' అనే అమెరికన్ కంపెనీ, సుమారు 32 లక్షల మంది సమాచారాన్ని లింక్డ్ఇన్, స్నాప్‌చాట్, టిక్‌టాక్ వంటి సంస్థలకు అందజేసిందని 2024లో అక్కడి వాణిజ్య సంఘం అభియోగం తెచ్చి, 70 లక్షల డాలర్లకు పైగా కట్టించటానికి చర్య తీసుకున్నది. 2020లో మైక్రోసాఫ్ట్ కంపెనీ, ఉద్యోగులు ఎవరెంత పనిచేస్తున్నారో పేరుపేరునా పై అధికారులకు కనిపించే లెక్కను ప్రవేశపెట్టింది. నిరసన లేచింది. కొద్దివారాల్లోనే పేర్లు తీసెయ్యవలసి వచ్చింది. వాటర్‌టౌన్‌లో జరిగినదే ఇక్కడ చిన్నరూపంలో మళ్లీ జరిగింది. ఎదిరిస్తే గడియారం వెనక్కు తగ్గుతుంది.

ఇక మన ఇంటి సంగతి. మన ఇంటర్మీడియెట్ రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారకముందు మొదలైన స్టడీ అవర్లు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి. అక్కడ ఒకేరకపు అవధానాన్ని ఒకే కొలతతో అందరినుంచీ పిండుతారు. ఆ కొలతకు అందనివాడు కింది సెక్షనుకు పోతాడు, లేదా ఇంటికి పోతాడు. అతనికి రుగ్మత ఉన్నదేమోనని అడిగే నాథుడు లేడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేర్కొన్నది. వాటిలో ఆటిజమ్ ఉన్నది, అభ్యసన వైకల్యం ఉన్నది, ఏ.డి.హెచ్.డి. పేరు లేదు. మిథైల్‌ఫెనిడేట్ మత్తుమందుల చట్టం కింద నియంత్రణలో ఉన్నందున అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు. మనోవైద్యులు పట్నాల్లో ఉన్నారు, ఫీజు కట్టగలవారికి ఉన్నారు. వ్యవసాయకూలీ ఇంటి పిల్లకు మిగిలేది ఇంట్లో అందరికీ కలిపి ఉన్న ఒక్క ఫోను, అందులో ఇంగ్లీషులో మాట్లాడే ఒక యాప్, దానికి నెలనెలా చందా. "యాప్ వచ్చింది గనక సమస్య తీరింది" అనేవారు ఈ పిల్లను చూడలేదు. "ఈ జబ్బు కల్పితం" అనేవారు చూసి కూడా వదిలేశారు.

చెయ్యదగినవి లేకపోలేదు. ఉపాధ్యాయులుగా మనం పెద్ద పనిని చిన్న మెట్లుగా విడగొట్టి ఇవ్వవచ్చు. నోటితో చెప్పినదాన్ని బోర్డు మీద రాయవచ్చు. గడియారాన్ని క్లాసులో అందరికీ కనబడేచోట పెట్టవచ్చు. అదనపు సమయం దయ కాదు, హక్కు అని వాదించవచ్చు. వీటికి ఖర్చు లేదు. ఏ.డి.హెచ్.డి.ని వైకల్యాల జాబితాలో చేర్చాలనీ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిర్ధారణ, మందు దొరకాలనీ అడగటం విద్యార్థి సంఘాల పని. యాప్‌ల విషయంలో కూడా ఎంపిక ఉన్నది. 'లూప్ హ్యాబిట్ ట్రాకర్' లాంటివి కొన్ని ఉన్నాయి: కోడ్ అందరికీ బహిరంగం, చందా లేదు, రాసుకున్నది ఫోనులోనే ఉంటుంది. మన ఇంజనీరింగ్ విద్యార్థులు ఇలాంటివాటిని తెలుగులోకి తేవచ్చు. ఉద్యోగుల సంఘాలు కార్యాలయాల్లో ఒక నియమం కోరాలి: మనిషి తనకోసం పెట్టుకున్న గడియారాన్ని యజమాని చదవరాదు.

రుగ్మత కల్పితం కాదు. బాధ మాత్రం చాలావరకు మనం కట్టినది. యాప్ విముక్తి కాదు, కొరడా కూడా కాదు. అది ఒక పనిముట్టు. పనిముట్టు గుణం దాన్ని పట్టిన చేతిని బట్టి ఉంటుంది. డండీ కార్మికుడి దగ్గర గడియారం ఉండి, దాన్ని చూడటానికి భయం లేకపోయి ఉంటే, పొద్దున దొంగిలించిన నిమిషాలను అతను సాయంత్రం లెక్క అడిగి ఉండేవాడు. మన క్లాసులో కిటికీలోంచి చూస్తున్న కుర్రవాడికీ అదే అవసరం: తన కాలాన్ని తాను చూడగల సాధనం, దాన్ని తప్ప మరెవరికీ చూపనక్కరలేదన్న భరోసా. అతన్ని లేపి నిలబెట్టి నేను అన్న మాట వెనక్కు తీసుకోలేను. ఇకముందు అలాంటివాళ్లను నిలబెట్టేముందు, గంట కొట్టేది ఎవరో, ఆ గంట ఎవరికోసం కొడుతున్నారో నన్ను నేనే అడుగుతాను.